తేదీ పెట్టిన చెయ్యి

శనివారం ఉదయం పదకొండు. సోమవారం తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం.

మూడు వారాల కిందట ఒక గ్యాస్ సిలిండర్ పేలి, దాని యజమాని అయిన వెల్డర్ ఆసుపత్రి పాలయ్యాడు. ఆ సిలిండర్‌ని పరీక్ష చేసి ఇంకో ఐదేళ్లు వాడుకోవచ్చని సర్టిఫికెట్ ఇచ్చింది ఈ వర్క్‌షాపే. సర్టిఫికెట్ మీద సంతకం ఇక్కడ పరీక్షలు చేసే మీటరమ్మది. దాన్ని ఫెయిల్ చేశాననీ, ఒంటి మీద ఎర్ర రంగుతో అడ్డగీత కూడా కొట్టాననీ ఆమె చెబుతోంది. పరీక్ష గదిలోని పాత కంప్యూటర్ మాత్రం ‘పాస్’ అంటోంది. ఇప్పుడు ఆ కంప్యూటర్‌నే తీసేసి కొత్తది పెడతామని మనుషులు వచ్చేసరికి, ఆమె గది గుమ్మంలో అడ్డంగా నిలబడింది. పోయిన వారం మనం ఆమెని అక్కడే వదిలిపెట్టాం.

ఇంకా అక్కడే ఉంది.

ఎదురుగా ముగ్గురు. అట్టపెట్టె మోసుకుని కంప్యూటర్ మెకానిక్. అతని పక్కన, ఈ వర్క్‌షాపు వ్యవహారాలన్నీ చూసే బావ. అంటే ఆమె అక్క మొగుడు. నాలుగడుగుల వెనక, నీటి తొట్టి గోడకి ఆనుకుని పెదనాన్న. వర్క్‌షాపు ఆయనది. అక్కాచెల్లెళ్లిద్దరినీ పెంచిన చేతులు ఆయనవి.

“జరుగు మరదలా” అన్నాడు బావ. “ఆ మ్యూజియం ముక్కకి దండ వేసే పంపిస్తాంలే.”

మెకానిక్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

బావ వాదన కొత్తది కాదు. రెండేళ్లుగా అదే పాట. ఆ సిస్టమ్ తెలిసినవాళ్లు ఊళ్లో ఇద్దరు మిగిలారట, అందులో ఒకాయనకి చూపు ఆనదట. డిస్క్ పోతే ఇంకో డిస్క్ దొరకదట. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూసి, సిలిండర్లు తెచ్చే పార్టీలు భయపడుతున్నారట. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదని మీటరమ్మకి తెలుసు. మామూలు రోజైతే సగం ఒప్పుకునేది కూడా. కానీ రెండేళ్లు ఆగిన పని, ఇన్‌స్పెక్టర్ రావడానికి రెండు రోజుల ముందు ఒక్కసారిగా ఎందుకు ఆగలేకపోయింది?

ఆ మాటే అడిగింది.

“ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు కాబట్టే” అన్నాడు బావ. “ఆ డబ్బాని చూస్తే, పరీక్షలన్నీ ఇలాగే చేస్తారా అని అక్కడే తాళం వేస్తాడు. నిన్ను కాపాడదామనే నా తాపత్రయమంతా. నీకేమో నేనే దొంగలా కనపడుతున్నాను.”

కనపడుతున్నాడు. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

ఆమె మెకానిక్ వైపు తిరిగింది. పాత ఫైళ్లు ఏమవుతాయని అడిగింది. ఒక్కటి కూడా పోదని, పన్నెండు వేల పరీక్షలూ కొత్తదాంట్లోకి ఎక్కించి ఇస్తానని అతను హామీ ఇచ్చాడు.

“ఎక్కించాక వాటి మీద ఏ తేదీ ఉంటుంది?”

“ఫైల్ లోపల మీరు రాసిన తేదీ అలాగే ఉంటుంది మేడమ్. ఫైల్‌ని చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారన్న తేదీ మాత్రం ఇవాళ్టిది పడుతుంది. అన్నిటికీ ఒకటే.”

 చివరిసారి ముట్టుకున్న తేదీ. అలాంటిది ఒకటి ఉంటుందని ఆమెకి తెలియదు. తొమ్మిదేళ్లుగా ఆ కంప్యూటర్ మీద పరీక్ష ప్రోగ్రామ్ తప్ప ఇంకేదీ తెరవలేదు. ప్రోగ్రామ్ చూపించేది పరీక్ష చేసిన తేదీనే. దాని వెనక సిస్టమ్ తన లెక్క తను రాసుకుంటోందన్నమాట.

“పోనీ, కొత్తది పెట్టుకోండి. పాతది సోమవారం దాకా బీరువాలో ఉంచండి” అంది.

మెకానిక్ ఇబ్బందిగా కదిలాడు. పాతది ఈరోజే పట్టుకెళ్లి డిస్క్‌లో ఉన్నదంతా తుడిచెయ్యాలని తనకిచ్చిన కాగితంలో ఉందన్నాడు. అదేం షరతని ఆమె నిలదీస్తే, అది తమ షరతు కాదని, ఇక్కణ్ణుంచి ఎవరో ఫోన్ చేసి ప్రత్యేకంగా అడిగారని చెప్పాడు. ఎవరో తనకి తెలియదు. ఆఫీసులో రాసుకున్నారంతే.

ఆమె బావని చూసింది. బావ తన ఫోన్‌ని చూసుకుంటున్నాడు.

“నేనైతే చెయ్యలేదు” అన్నాడు తలెత్తకుండానే.

ఎవరూ అడగకముందే చెప్పిన జవాబు అది. ఆమె మనసులో ఒక మేకు దిగింది.

“అరగంట” అంది. “నాకు అరగంట ఇవ్వండి. ఆ ఫైల్‌ని ఎప్పుడు మార్చారో చూద్దాం. ఆ తర్వాత ఈ డబ్బాని మీ ఇష్టమొచ్చినట్టు పట్టుకుపోండి.”

బావ పెదనాన్న వైపు చూశాడు. ఈ వర్క్‌షాపులో ఆఖరి మాట ఆయనదే. ఆయన చాలాసేపు నీటి తొట్టిలోకి చూస్తూ ఉండిపోయారు. పైప్ చివరి నుంచి బొట్లు పడుతున్న చప్పుడు వినపడుతోంది.

“చూసుకోనీ” అన్నారు.

* * *

పరీక్ష గది చిన్నది. గాజు పలకల గోడ, ఇనుప బల్ల, బల్ల మీద ఒకప్పుడు తెల్లగా ఉండి ఇప్పుడు గోధుమ రంగుకి తిరిగిన కంప్యూటర్. అక్కణ్ణుంచి లావుపాటి తీగ ఒకటి గోడలోంచి నీటి తొట్టి దాకా వెళుతుంది. సిలిండర్‌ని నీళ్లతో నింపి తొట్టిలోకి దించుతారు. లోపల ఒత్తిడి పెంచుతారు. ఉక్కు వెంట్రుకవాసి ఉబ్బుతుంది. ఒత్తిడి తీసేశాక మళ్లీ మొదటి కొలతకి రావాలి. ఎంత రాలేదో నూటికి ఇంతని కంప్యూటర్ చెబుతుంది. పది దాటితే ఉక్కు అలిసిపోయినట్టు. ఆ సిలిండర్‌కి మోక్షమే.

కిందటి నెల పదహారో తారీఖున వెల్డర్ సిలిండర్ పదమూడు చూపించింది. మీటరమ్మకి బాగా గుర్తు. గేజ్ ముందు నించుంటే ఆమె రెప్ప వెయ్యదని పంపు దగ్గరి పనివాళ్లు ఆ పేరు పెట్టారు. ఎర్ర గీత కొట్టి, చచ్చిన సిలిండర్లు పెట్టే మూలకి తనే దొర్లించింది. ఇప్పుడు ఫైల్‌లో ఉన్నది ఆరు. పదమూడుని ఆరు చెయ్యడం కష్టమేమీ కాదు. ప్రోగ్రామ్‌లో ‘సవరణ’ అని ఒక మీట ఉంది. వేలు తప్పి అంకె తప్పు పడితే దిద్దుకోవడానికి. దాన్ని ఎవరైనా నొక్కొచ్చు.

ఇక ఆ సంతకం. అది ఆమె చేసిన తప్పే. వారం మొదట్లో యాభై ఖాళీ సర్టిఫికెట్ల మీద ముందే సంతకాలు పెట్టేసేది, డెలివరీ వాళ్లు తన కోసం ఎదురుచూడకుండా. పెదనాన్న కాలం నుంచీ ఇక్కడ అలవాటు అదే. ఇన్‌స్పెక్టర్‌కి ఆ అలవాటు గురించి చెబితే లైసెన్సు పోతుంది. చెప్పకపోతే వెల్డర్ ఒంటి మీది కాలిన గాయాలు ఆమె లెక్కలోకే వస్తాయి. జైలు మాట కూడా ఎవరో అన్నారు.

“మీకో సంగతి చెప్పాలి” అంది మెకానిక్‌తో, కుర్చీ అతనికి ఇస్తూ. “ఈ కంప్యూటర్‌కి తేదీ గుర్తుండదు.”

ఈ ముక్క బావకి కూడా కొత్తే. ఆమె చెబుతుంటే అతను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ పదకొండేళ్ల కిందటే చచ్చిపోయింది. మార్చడానికి ఒకసారి డబ్బా విప్పితే, తొట్టి నుంచి వచ్చే తీగ తగిలించే కార్డు కదిలిపోయి పరీక్షలు పదకొండు రోజులు ఆగిపోయాయి. ఆ రోజునుంచీ దీని మీద స్క్రూడ్రైవర్ పెట్టడానికి వీల్లేదని పెదనాన్న ఆంక్ష. కాబట్టి ఆన్ చేసిన ప్రతిసారీ అది 1980 జనవరి ఒకటో తారీఖు, అర్ధరాత్రి పన్నెండు గంటల దగ్గర కళ్లు తెరుస్తుంది. తెరిచి, తేదీ ఎంత అని అడుగుతుంది. తర్వాత టైమ్ ఎంత అని అడుగుతుంది. మనం చెప్పాలి. చెప్పకుండా ఎంటర్ కొట్టి దాటేస్తే 1980లోనే ఉండిపోతుంది.

“చంటిపిల్లని లేపి మొహం కడిగినట్టు” అంది. “రోజూ పొద్దున్నే నా మొదటి పని అదే.”

“అయితే?” అన్నాడు బావ.

“అయితే, ఈ సంగతి తెలియనివాడెవడో దొంగతనంగా ఆన్ చేసి అంకె మార్చి ఉంటే, హడావిడిలో ఆ రెండు ప్రశ్నలూ దాటేసి ఉంటాడు. ఫైల్ మీద 1980 అని ఉంటుంది. అది చాలు నాకు. నేను ముట్టుకుంటే 1980 పడదు.”

మెకానిక్ ముచ్చటపడుతూ తలాడించాడు. తను పుట్టకముందటి సంవత్సరం తేదీతో ఫైల్ చూడటం ఇదే మొదటిసారి అవుతుందన్నాడు. కీబోర్డు మీద ఏవో నాలుగు అక్షరాలు కొట్టాడు. తెర మీద ఫైళ్ల జాబితా జలజలా పైకి పాకింది. వెల్డర్ సిలిండర్ నంబర్ ఆమె చదివి వినిపించింది. అతను టైప్ చేశాడు.

ఒకే ఒక్క వరస మిగిలింది.

 మెకానిక్ తెర మీద వేలు పెట్టి, చదువు నేర్చుకునేవాడిలా ఒక్కొక్కటీ చదివాడు. తేదీ, ఈ ఏడాదే. కిందటి నెల పదిహేడు. టైమ్, పన్నెండు ఇరవై రెండు. పక్కన ‘ఎ’ అక్షరం.

“‘ఎ’ అంటే ఏ.ఎం. మేడమ్. పన్నెండు పక్కన ‘ఎ’ ఉంటే అర్ధరాత్రే. పదహారో తారీఖు రాత్రి, పదిహేడులోకి తిరగగానే. అర్ధరాత్రి దాటి ఇరవై రెండు నిమిషాలకి ఎవరో మార్చారు.”

1980 కాదు.

బావ ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. గొంతు తగ్గించి, దాదాపు జాలిగా అడిగాడు.

“సాయంత్రం ఈ గదికి తాళం వేసి, తాళంచెవి ఎక్కడ పెడతావమ్మా?”

జవాబు అందరికీ తెలిసిందే. పగలు బయటికి వెళితే గేటు దగ్గర ఇచ్చి వెళుతుంది. రాత్రి ఇంటికి తీసుకెళుతుంది. తాళంచెవి ఒక్కటే.

“నాతోనే ఉంటుంది” అంది.

“తేదీ పెట్టాలని తెలిసినవాళ్లు ఎవరు?”

ఆ జవాబు ఇంతకుముందే తన నోటితో తనే చెప్పింది.

“నేను ఇంకేం అనను” అన్నాడు బావ. “మీ అక్కకి ఏం చెప్పుకోవాలో అదే ఆలోచిస్తున్నాను. ఇప్పుడైనా అర్థమైందా, ఈ డబ్బా సోమవారం దాకా ఉంటే ఎవరికి ప్రమాదమో?”

మెకానిక్ కుర్చీలో కొంచెం పక్కకి జరిగాడు. ఆ రెండంగుళాలు ఆమెకి చెంపదెబ్బలా తగిలాయి. తనని కాపాడుతుందని ఇన్నాళ్లూ ఎవరినీ ముట్టుకోనివ్వని యంత్రం, అందరిముందూ తనవైపే వేలు చూపించింది. ఒక్క క్షణం ఆమెకి కూడా, తీసుకుపోండి, తుడిచెయ్యండి అనిపించింది.

కానీ పదహారో తారీఖు రాత్రి ఆమె ఎక్కడికీ రాలేదు. ఇంట్లో చల్లటి తడిగుడ్డ నుదుటి మీద వేసుకుని జ్వరంతో పడుకుంది. మర్నాడు మధ్యాహ్నం ఆ జ్వరంతోనే, గేజ్‌ని సరిచూపించడానికి కొలతల ఆఫీసుకి వెళ్లింది. వెళ్లేముందు కంప్యూటర్ ఆపేసింది. తాళంచెవి గేటు దగ్గర ఇచ్చింది.

మరి అర్ధరాత్రి ఎవరొచ్చారు?

“జాబితా మొత్తం చూపించండి” అంది.  “మార్చి నెలకి వెళ్లండి.”

“ఇంకా ఏం చూస్తావు?” అన్నాడు బావ.

“అరగంట కాలేదు.”

మెకానిక్ మార్చి తెరిచాడు. మొదటి వారమంతా ఆమె రోజులు. తొమ్మిది పది, పదకొండు ఐదు, రెండు నలభై. పగటి గంటలు, వరసగా, ఒద్దికగా. తర్వాత మార్చి పదకొండు వచ్చింది. ఆమె చూపు అక్కడే ఆగిపోయింది.

పన్నెండు ముప్ఫై ఒకటి, ‘ఎ’. ఒకటీ పది, ‘ఎ’. రెండూ ఐదు, ‘ఎ’. మూడున్నర, ‘ఎ’. అలా ఆరింటి దాకా. పన్నెండో తారీఖూ అంతే. పదమూడూ, పధ్నాలుగూ అంతే. నాలుగు రోజులపాటు ఈ గదిలో ఎవరో అర్ధరాత్రి మొదలుపెట్టి తెల్లారేదాకా సిలిండర్లు పరీక్ష చేసినట్టు ఉంది.

“ఓరి నాయనో” అన్నాడు మెకానిక్. “మీ దగ్గర నైట్ డ్యూటీ ఉందా?”

లేదు. ఎప్పుడూ లేదు. ఆ నాలుగు రోజులూ ఆమె అసలు వర్క్‌షాపులో లేదు. అక్క పురుడికి ఆసుపత్రిలో ఉంది. ఆమె బదులు ఈ కుర్చీలో కూర్చుని, ఎండ ఉన్నంతసేపూ సిలిండర్లు పరీక్ష చేసింది వేరే మనిషి. తేదీ తప్పకుండా పెట్టే మనిషి. టైమ్ అడిగితే మాత్రం ఎంటర్ కొట్టి దాటేసే మనిషి.

పందొమ్మిదేళ్ల వయసులో మొదటిసారి ఈ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ మనిషే ఆమెకి ఈ పని నేర్పాడు. టైమ్ పెట్టలేదేమని ఆమె అడిగింది. “సర్టిఫికెట్ మీద ఉండేది రోజే కదా తల్లీ. గంటలతో సిలిండర్‌కి ఏం పని?” అన్నాడు. ఆమె ఒద్దిక కొద్దీ రెండూ పెట్టడం మొదలుపెట్టింది. ఆయన మారలేదు.

టైమ్ పెట్టకపోతే గడియారం పన్నెండు దగ్గర మొదలవుతుంది. పన్నెండు ఇరవై రెండు అంటే అర్ధరాత్రి కాదు. ఆన్ చేసి ఇరవై రెండు నిమిషాలైందని అర్థం. పదిహేడో తారీఖు పట్టపగలు, ఆమె కొలతల ఆఫీసులో వరసలో నించున్నప్పుడు. ఒక్క వేలితో టైప్ చేసుకునే మనిషికి ఆ ఫైల్ వెతికి, దిద్ది, మూసెయ్యడానికి సరిగ్గా అంత సేపు పడుతుంది.

ఆమె తల తిప్పలేదు. తిప్పాల్సిన పని లేదు. గాజు గోడలో ఆయన నీడ కనపడుతోంది. పెదనాన్న ఎప్పుడు లోపలికి వచ్చారో, ఆమె వెనకే నిలబడి జాబితా చదువుతున్నారు.

ఒక్కొక్కటీ వచ్చి తగిలాయి. రెండేళ్లుగా బావ గొంతు చించుకున్నా కొత్త కంప్యూటర్‌కి ఒప్పుకోని మనిషి, ఈ వారం ఒక్కమాట లేకుండా ఒప్పుకోవడం. పాతది తుడిచెయ్యమని వెళ్లిన ఫోన్. వెల్డర్‌ని చూడటానికి ఆసుపత్రికి మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ వార్డు గుమ్మంలోంచే తిరిగొచ్చెయ్యడం. ఆమె తండ్రి ఇలాంటి సిలిండర్ పేలే పోయాడు. అప్పట్లో పరీక్షలు లేవు. తమ్ముడి దినాలయ్యాక ఈ తొట్టి కట్టించిన మనిషి, చచ్చిన సిలిండర్ల మూలలోంచి ఒకదాన్ని తీసి మళ్లీ లోకం మీదికి వదిలాడంటే నమ్మాలా?

చెబితే తను బయటపడుతుంది. ఆయన లోపలికి వెళతారు. చెప్పకపోతే తనే.

ఇంకా ఒక్క దారి ఉంది. తను అనుకున్నది తప్పని తేలడం. ఇవాళ ఆయన చెయ్యి ఆ రెండో ప్రశ్న దగ్గర ఏం చేస్తుందో చూడటం.

“పెదనాన్నా” అంది, మెకానిక్‌ని లేపి కుర్చీ వెనక్కి లాగి. “ఎక్కించేముందు ఒకసారి ఆపి ఆన్ చెయ్యాలట కదా. ఆఖరిసారి. మీ చేత్తో చెయ్యండి.”

అలాంటి అవసరమేమీ లేదని మెకానిక్ అనబోయాడు. ఆమె చూపు తగిలి నోరు మూసుకున్నాడు. బావ వాచీ చూసుకుని విసుగ్గా కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. అతనికి ఏమీ తెలియదు. ఆ సంగతి ఇప్పుడు ఆమెకి స్పష్టంగా తెలుస్తోంది. ఇన్నాళ్లూ అతన్ని అనుమానించినందుకు సిగ్గుపడేంత తీరిక మాత్రం లేదు.

పెదనాన్న కూర్చున్నారు. మీట నొక్కారు. డబ్బా పాత ఆయాసంతో మూలిగింది. తెర నల్లబడి, కాసేపటికి తెల్లటి అక్షరాలు తేలాయి. తేదీ ఎంత?

ఆయన గోడ మీది క్యాలెండర్ చూశారు. కుడి చూపుడు వేలితో, ఒక్కో అంకె వెతుక్కుంటూ కొట్టారు. ఎంటర్.

టైమ్ ఎంత?

చిన్న తెల్ల గీత ఆరుతూ వెలుగుతోంది. ఆయన వేలు ఎంటర్ మీదికి వెళ్లింది. పదకొండేళ్లుగా వెళ్లే చోటికే, చూడకుండానే వెళ్లింది. మీట మీద ఆనింది.

ఆగింది.

ఆయన వేలు వెనక్కి తీసుకున్నారు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. తల పైకెత్తి గోడ గడియారం చూశారు. తర్వాత వంగి, తొందరేమీ లేకుండా, ఒకటి కొట్టారు. మళ్లీ ఒకటి. చుక్కలు. మూడు. ఎనిమిది.

పదకొండు ముప్ఫై ఎనిమిది. నిమిషం తేడా లేదు.

ఈ యంత్రం ముందు ఆయన టైమ్ పెట్టడం ఆమె చూడటం ఇదే మొదటిసారి. టైమ్ దాటేసే అలవాటే తనని పట్టిస్తోందని జాబితాలో ఆయనా చదివేశారన్నమాట.

ఎంటర్ కొట్టి, ఆయన తెర వైపు కాకుండా ఆమె వైపు చూశారు. ఆ కళ్లలో కోపం లేదు. బతిమాలుకోవడం కూడా లేదు. చిన్నప్పుడు ఆమె లెక్క సరిగ్గా చేసినప్పుడు చూసినట్టే చూశారు.

“ఇప్పుడు సరిపోయిందా తల్లీ?” అన్నారు మెల్లగా.

ఆ తర్వాత మెకానిక్ వైపు తిరిగారు.

“విప్పు బాబూ. మా అమ్మాయి చూడాల్సింది చూసేసింది.”

మెకానిక్ సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. పదకొండేళ్లుగా ఎవరూ ముట్టుకోని మొదటి స్క్రూ, కీచుమంటూ తిరిగింది.